చక్రం చల్లగుందా..?

రామగిరి ఖిల్లా ఎక్కి గోదావరి దిక్కుకు తిరిగి నిలబడితే రెండు రకాల గుట్టలు కనిపిస్తాయి. ఒక రకం ఎప్పటి నుంచో ఉన్నవి. చెట్లు, తీగలు, వానాకాలంలో బండల మీంచి జాలువారే నీళ్లు. రెండో రకం డంపర్లు తెచ్చి పోసినవి. ఓపెన్‌కాస్టు గనిలో బొగ్గు అందాలంటే దాని మీదున్న మట్టినీ రాతినీ ముందు తవ్వి పక్కన పడేయాలి. అలా పడేసింది ఏళ్ల తరబడి పేరుకుని గుట్టలయింది. ఇక్కడివాళ్లు ‘ఓబీ గుట్టలు’ అంటారు. కొన్నిటి మీద చెట్లు కూడా పెరిగాయి. కొత్తవాళ్లకు చూపించి ఏది ఏదో చెప్పమంటే తడబడతారు!

పెద్దపల్లి జిల్లాలో రామగిరి మండలం 2016లో ఏర్పడింది. అంతకు ముందు ఈ ఊళ్లన్నీ కమాన్‌పూర్ మండలంలో ఉండేవి. గుట్ట పాదం దగ్గర బేగంపేట. కాస్త దూరంలో సింగరేణి వారి సెంటినరీ కాలనీ... వరస క్వార్టర్లు, వేపచెట్లు, షిఫ్టు బస్సులు. మంథని జేఎన్‌టీయూ ఇంజినీరింగ్ కాలేజీ ఉన్నదీ ఇక్కడే. ఆ పక్కన రామగుండం-3 ఏరియా ఓపెన్‌కాస్టులు, అడ్రియాల లాంగ్‌వాల్ గని. ఇల్లెందులో 1889లో మొదలైన బొగ్గు తవ్వకం గోదావరి ఒడ్డుకొచ్చి ఈ ప్రాంతపు రూపాన్నే మార్చేసింది.

ఖిల్లాకు మాత్రం బొగ్గు సంగతి పట్టదు. కాకతీయుల కాలం నుంచీ పేరున్న కోట ఇది. వనవాసంలో సీతారాములు ఇక్కడున్నారని స్థానికుల నమ్మకం. శ్రావణం వస్తే కుటుంబాలకు కుటుంబాలే సద్దిమూటలతో గుట్టెక్కుతాయి. ఔషధ మొక్కల కోసం ఆయుర్వేద విద్యార్థులూ వస్తారు. కాళిదాసు మేఘదూతంలోని యక్షుడు ఉన్న రామగిరి ఇదేనని ఈ చుట్టుపక్కల వాదించేవాళ్లున్నారు. కాదు, నాగపూర్ దగ్గరి రామ్‌టెక్ అన్నది ఎక్కువ మంది పండితుల మాట. ఆ గొడవ మనకెందుకు గానీ, యక్షుడు మబ్బుతో కబురు పంపి మంచిపనే చేశాడు. రోడ్డు మీద పంపి ఉంటే బొగ్గు టిప్పర్ల వెనక చిక్కుకుని ఆషాఢం కాస్తా కార్తీకమయ్యేది.

గుట్ట మీద కాసేపు కూర్చుంటే ఒక సంగతి తెలుస్తుంది. ఈ నేల మీద ఏదీ ఒంటరిగా కదలదు. ఇంజిన్ వెనక బొగ్గు వ్యాగన్లు. ట్రాక్టర్ వెనక ట్రాలీ. దారిలో చెడిపోయిన టిప్పర్‌ను గొలుసు కట్టి లాక్కెళ్లే ఇంకో టిప్పర్. ముందున్నది లాగుతుంది... వెనకున్నది వస్తుంది. నడిపేవాడి కళ్లేమో ముందుకే! నిప్పు మాత్రం వెనక చక్రంలో పుడుతుంది.

ఎనిమిది ఇస్త్రీ పెట్టెలు

బ్రేకు నిప్పు అనగానే చాలామందికి ఒక బొమ్మ కళ్ల ముందుకొస్తుంది. డ్రైవర్ ప్రాణాలరచేత పట్టుకుని పెడల్ తొక్కడం, చక్రాలు కీచుమనడం, నిప్పురవ్వలు... సినిమాల్లో అలాగే చూపిస్తారు. అసలు సంగతి దానికి తలకిందులు. గట్టిగా తొక్కిన బ్రేకు బండిని ఆపేస్తుంది. ఆగిన చక్రం వేడెక్కదు. ప్రమాదమంతా పూర్తిగా వదలని బ్రేకుతోనే. పట్టీ పట్టనట్టు, లైనర్ డ్రమ్మును రాసుకుంటూ ఉంటుంది. బండి కదులుతూనే ఉంటుంది. డ్రైవర్‌కు తేడా తెలియదు.

ఎంత వేడి పుడుతుందో చిన్న లెక్క చూడండి. ఒక చక్రం దగ్గర 50 కిలోల బరువంత పట్టు మిగిలి ఉందనుకుందాం. బండి గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వెళ్తుంటే ఆ ఒక్క చక్రంలో 8 కిలోవాట్లకు పైగా వేడి పుడుతుంది. మన ఇంట్లో ఇస్త్రీ పెట్టె దాదాపు ఒక కిలోవాటు. అంటే ఎనిమిది ఇస్త్రీ పెట్టెలు ఒక్క డ్రమ్ములో పెట్టి, స్విచ్ వేసి, మర్చిపోయినట్టు! మరి ఇంజిన్‌కు తెలియదా అంటే... ఆ 8 కిలోవాట్లు 11 హార్స్‌పవర్‌తో సమానం. రెండొందల హార్స్‌పవర్ లారీ ఇంజిన్‌కు అది లెక్కలోది కాదు. లోడు మీదుంది, కాస్త బరువుగా లాగుతోందిలే అనుకుని డ్రైవర్ ఇంకొంచెం యాక్సిలరేటర్ తొక్కుతాడు.

ముందు వాసన వస్తుంది. తర్వాత సన్నటి పొగ. హబ్బులోని గ్రీజు కరిగి కారుతుంది. ఆ గ్రీజు మీద పేరుకున్న బొగ్గు దుమ్ము సంగతి ఈ ప్రాంతంలో వేరే చెప్పాలా! డ్రమ్ము వేడి రిమ్ముకు, రిమ్ము వేడి టైరుకు పాకుతుంది. ఒకసారి టైరు అంటుకుందంటే దాన్ని ఆర్పడం అంత తేలిక కాదు. రబ్బరు లోలోపల కాలుతుంది. పైన మంట ఆరినట్టే ఆరి మళ్లీ లేస్తుంది.

రాజీవ్ రహదారి మీద గానీ, గోదావరిఖని నుంచి మంథని వెళ్లే దారిలో గానీ రోడ్డు పక్కన నల్లగా మాడిన మచ్చ, కాలిన టైరు తీగలు కనిపిస్తే చాలామంది షార్ట్ సర్క్యూట్ అయ్యుంటుందిలే అనుకుంటూ పోతారు. కొన్ని అదే కావచ్చు. కానీ మచ్చ వెనక చక్రాలు నిలిచే చోట మొదలై ముందుకు పాకి ఉంటే బ్రేకును అనుమానించాల్సిందే.

కాపాడే స్ప్రింగే కాల్చేది!

లారీ బ్రేకు కథ తెలిస్తే చెడిపోయిన బండిని లాగేటప్పుడే ఎందుకింత జాగ్రత్తో అర్థమవుతుంది. పెద్ద బండ్లలో బ్రేకు గాలితో పనిచేస్తుంది. పార్కింగ్ బ్రేకు మాత్రం తిరగేసిన లెక్క. వెనక చక్రాల బ్రేక్ ఛాంబర్‌లో, అదే ఆ గుండ్రటి డబ్బాలో, బలమైన స్ప్రింగు ఒకటి ఉంటుంది. దాని సహజ గుణం బ్రేకు వేయడమే. గాలి ఒత్తిడి ఆ స్ప్రింగును నొక్కి పట్టి ఉంచితేనే చక్రం వదులవుతుంది. పైపు పగిలి గాలంతా పోయినా బండి తనంత తాను ఆగిపోవాలన్నది ఏర్పాటు. ఎన్నో ప్రాణాలు కాపాడిన ఆలోచన అది.

ఇప్పుడు ఇంజిన్ ఆగిపోయిన లారీని ఊహించుకోండి. ఇంజిన్ లేదు, కంప్రెసర్ తిరగదు. ట్యాంకులో గాలి కొద్దికొద్దిగా దిగిపోతుంది. పూర్తిగా దిగిపోతే మంచిదే, చక్రాలు బిగుసుకుని బండి కదలదు. కదలకపోతే ఎవరికైనా తెలుస్తుంది. కానీ సగం గాలి మిగిలితేనే అసలు చిక్కు. సాధారణంగా 5 బార్లకు పైగా ఒత్తిడి ఉంటే తప్ప ఈ స్ప్రింగు పూర్తిగా వెనక్కి తగ్గదు. అంతకంటే తగ్గిందా... బ్రేకు అరకొరగా పట్టుకుంటుంది. ముందున్న లారీ లాగుతూనే ఉంటుంది. వెనకున్న లారీ స్టీరింగ్ పట్టుకున్న క్లీనర్ కుర్రాడికి బండి వస్తున్నట్టే ఉంటుంది. లోపల లైనర్లు కాలుతూ ఉంటాయి.

దీనికి పెద్ద మెకానిక్కుల దగ్గర రెండే మార్గాలున్నాయి. లాగే బండి నుంచి గొట్టం వేసి వెనక బండికి గాలి ఇవ్వడం ఒకటి. ఛాంబర్ వెనక బోల్టు బిగించి స్ప్రింగును చేత్తోనే వెనక్కి లాగి కట్టేయడం రెండోది. రెండో పని చేశాక ఆ బండికి పార్కింగ్ బ్రేకు అనేదే ఉండదు. కాబట్టి చక్రాల కింద చెక్క దిమ్మలు పెట్టకుండా ఆ బోల్టు ముట్టుకోకూడదు. ఆ ఛాంబర్‌ను విప్పే ప్రయత్నం అసలే చేయకూడదు. నొక్కి పెట్టిన స్ప్రింగు ఊడిందంటే తుపాకీ గుండే. గేరుబాక్సు పాడవకుండా ప్రొపెల్లర్ షాఫ్టు ఊడదీయడం మామూలే. అది గుర్తుండేవాళ్లకు బ్రేకు గుర్తుండకపోవడమే విచిత్రం! గేరుబాక్సుకు డబ్బు ఖర్చవుతుంది కదా, అందుకేమో.

చట్టం కూడా ఊరికే చెప్పలేదు. 2017 నాటి డ్రైవింగ్ నిబంధనల ప్రకారం ఇంకో బండిని లాగే వాహనం గంటకు 25 కిలోమీటర్లు మించకూడదు. రెంటి మధ్య దూరం 5 మీటర్లు దాటకూడదు. మనం వేసిన ఇస్త్రీ పెట్టెల లెక్కను ఆ వేగంతో మళ్లీ వేయండి. ఎనిమిది కాస్తా మూడున్నరకు దిగుతుంది. వేగం తగ్గితే వేడి పుట్టడమూ తగ్గుతుంది, చూసి ఆపడానికి వ్యవధీ దొరుకుతుంది.

ఇక పాతకాలపు లారీవాళ్ల అలవాటు ఒకటుంది. బయల్దేరిన అయిదారు కిలోమీటర్లకే బండి పక్కకు తీసి ఆపుతారు. టీ కోసం అనుకుంటాం మనం. టీ తర్వాత! ముందు బండి చుట్టూ ఒక చుట్టు తిరుగుతారు. అరచేతి వెనక భాగాన్ని ఒక్కో డ్రమ్ముకు జానెడు దూరంలో పెట్టి సెగ చూస్తారు. ముట్టుకోరు. ముట్టుకుంటే తోలు ఊడొస్తుంది. కుడి చక్రానికీ ఎడమ చక్రానికీ సెగలో తేడా ఉంటే అక్కడేదో ఉన్నట్టే. కొందరు నాలుగు నీటి చుక్కలు చిలకరించి చూస్తారు. చుయ్యిమంటే సంగతి తెలిసిపోతుంది. ఇప్పుడు తుపాకీలా గురిపెట్టి వేడి చూసే థర్మామీటర్లు చవగ్గానే దొరుకుతున్నాయి. జేబులో ఒకటి పెట్టుకుంటే చేతికంటే మేలు. ‘ఏందన్నా, ఎనక చక్రం పొగలెయ్యవట్టె!’ అని పక్కన పోయే బైకువాడు అరిచేదాకా ఆగాల్సిన పనిలేదు.

గనిలో అయితే...

గుట్ట మీంచి చూస్తే చీమల బారులా కనిపించే డంపర్ల దగ్గరికొస్తే దాని చక్రమే మనిషి కంటే ఎత్తు. సింగరేణి ఓపెన్‌కాస్టుల్లో 60 టన్నులు, 100 టన్నుల తరగతి డంపర్లు నడుస్తాయి. వంద టన్నులది లోడుతో కలిపి నూటయాభై టన్నులు దాటుతుంది. ఇది గనిలోంచి పైకి నిండుగా వస్తుంది, కిందికి ఖాళీగా దిగుతుంది. ఖాళీయే కదా అనుకోవద్దు. అరవై టన్నుల ఖాళీ డంపర్ వంద మీటర్ల లోతుకు దిగితే వదిలించుకోవాల్సిన శక్తి 16 యూనిట్ల కరెంటుకు సమానం. ఓ మధ్యతరగతి ఇంటికి రెండు మూడు రోజులకు సరిపోయే కరెంటు. అదంతా పది నిమిషాల్లోపే వేడిగా మారిపోవాలి. ప్రతి ట్రిప్పుకూ!

అందుకే గనిలో రోడ్డు వాలుకు కూడా లెక్కుంది. మామూలుగా పదహారు మీటర్ల పొడవుకు ఒక మీటరు మించి వాలు ఉండకూడదు. వాలులో దిగేటప్పుడు పనిచేసేది కాలి బ్రేకు కాదు, రిటార్డర్. అది చక్రాల వేగాన్ని నూనెలో తగ్గించి, ఆ వేడిని రేడియేటర్‌కు పంపేస్తుంది. ఆపరేటర్ గేరు సరిగ్గా ఎంచుకుని రిటార్డర్ మీద దిగాలి. అలా కాక కాలి బ్రేకు తొక్కుతూ దిగాడంటే పదో ట్రిప్పుకు చక్రం సంగతి చక్రమే చెబుతుంది.

డంపర్‌కు నిప్పు అంటుకుంటే ఇంకో ఇబ్బంది ఉంది. ఆపరేటర్ కూర్చునేది మేడ మీద అనుకోండి. దిగాల్సిన నిచ్చెన ఇంజిన్ పక్క నుంచే. ఇంజిన్ చుట్టూ హైడ్రాలిక్ నూనె గొట్టాలు. అందుకే పెద్ద యంత్రాలకు మంటను తనంత తానే గుర్తించి ఆర్పే ఏర్పాటు ఉండాలని గనుల భద్రతా డైరెక్టరేట్ పట్టుబట్టింది. మంచిదే. కానీ ఆ ఏర్పాటు ఎక్కువగా ఇంజిన్‌ను కాపాడేది. చక్రంలో పుట్టిన నిప్పును కనిపెట్టాల్సింది మనిషే.

చెడిపోయిన డంపర్‌ను వర్క్‌షాపుకు లాక్కెళ్లడం అన్నది గనిలో తప్పని పని. లారీ స్ప్రింగు కథే ఇక్కడా. హైడ్రాలిక్ ఒత్తిడి లేకపోతే బ్రేకు పడిపోతుంది. దాన్ని తయారీదారు చెప్పిన పద్ధతిలో వదిలించాకే లాగాలి. తొందరపడి బలమైన బండి తెచ్చి లాగేస్తే ఆ డంపర్ వస్తుంది... పొగతో సహా వస్తుంది.

డంపర్ టైరు వేడెక్కిందని తెలిస్తే దగ్గరికి పరిగెత్తుకుపోవడం ప్రాణాంతకం. రబ్బరు లోపలి గోడ మాడితే పుట్టే ఆవిర్లు లోపలి గాలితో కలిసి బాంబులా పేలతాయి. బయట మంటే కనిపించకపోవచ్చు. ఆస్ట్రేలియా గనుల జాగ్రత్తల్లో ఇలాంటి టైరుకు కనీసం 300 మీటర్ల దూరం, 24 గంటల ఎడం అని రాసి పెట్టుకున్నారు. రోడ్డు మీది లారీ టైరు అంత ఘోరం కాకపోయినా అదే జాతి. దాని పక్కగా నిలబడకూడదు. ఎందుకంటే పగిలితే పక్కకే విసురుతుంది.

పచ్చజెండా పట్టుకుని ఏం చూస్తాడు?

రామగుండం ఎన్‌టీపీసీకి బొగ్గు వెళ్లేది ఎక్కువగా రైల్లోనే. గని దగ్గర నింపుకోవడం, అక్కడ గుమ్మరించడం, మళ్లీ రావడం... గానుగెద్దులా తిరిగే ఈ రైళ్లకు ‘మెర్రీ గో రౌండ్’ అని ముద్దుపేరు. అసలు రైలు మార్గమేమో కాజీపేట - బల్హార్షా లైను. దూర ప్రాంతాలకు వెళ్లే బొగ్గు రైళ్లన్నీ దాని మీదే. ఒక్కో రైలుకు అరవై దాకా వ్యాగన్లు. అంటే నాలుగొందల పైచిలుకు చక్రాలు. అన్నిటినీ లాగుతూ ముందు కూర్చున్నది లోకో పైలట్, ఆయన అసిస్టెంటు... ఇద్దరే.

రైలు బ్రేకు కూడా లారీ స్ప్రింగుకు అన్నయ్యే. రైలు పొడవునా సాగే బ్రేకు పైపులో గాలి చదరపు సెంటీమీటరుకు 5 కిలోల ఒత్తిడితో నిండి ఉంటేనే బ్రేకులు వదులుతాయి. పైపు తెగి రైలు రెండు ముక్కలైనా రెండు ముక్కలూ ఆగిపోవాలన్నది లెక్క. కానీ ఏదో ఒక వ్యాగన్ వాల్వు మొండికేస్తే ఆ ఒక్కదాని బ్రేకే వదలదు. రైల్వేవాళ్లు ‘బ్రేక్ బైండింగ్’ అంటారు. షంటింగ్‌లో తిప్పిన చేతి బ్రేకు తిరిగి విప్పడం మర్చిపోయినా అంతే. వేల టన్నుల రైలుకు ఒక్క వ్యాగన్ పట్టు ఏపాటి! కిలోమీటర్ల కొద్దీ అలా రుద్దుకుంటూ పోతుంది.

అందుకే రైల్వే లెవెల్ క్రాసింగ్ దగ్గర గేట్‌మన్‌ను నిలబెట్టింది. గేటు వేసి రైలు పోయేదాకా ఆయన జెండా పట్టుకుని అలా శిలావిగ్రహంలా నిలబడటం చూసి పిల్లలు నవ్వుకుంటారు. ఆయన డ్యూటీలో సగం గేటు, మిగతా సగం చక్రాలు. పొగ, నిప్పురవ్వ, వేలాడే వస్తువు ఏది కనిపించినా ఎర్రజెండా చూపి రైలును ఆపించాలి. స్టేషన్లో ప్లాట్‌ఫాం మీద నిలబడి పచ్చజెండా ఊపే మాస్టరూ అదే చూస్తాడు. పెద్ద స్టేషన్లలో రైలు లోనికి వస్తుండగానే పట్టాలకు రెండు వైపులా సిబ్బంది కింద కూర్చుని ఒక్కో చక్రాన్నీ చెవితో, కంటితో పరీక్షిస్తారు. వ్యాగన్ బ్రేకు వదలకపోతే, చేత్తో గాలి తీసేసే హ్యాండిల్ దానికే ఉంటుంది. దిగి లాగితే సరి. తర్వాతి స్టేషన్లో కావాలంటే ఆ వ్యాగన్‌ను తప్పిస్తారు.

ప్రయాణికుల రైల్లోనూ ఇది జరుగుతుంది. అప్పుడు పొగకంటే కంగారు ఎక్కువ ప్రమాదం. 2025 జనవరి 22న మహారాష్ట్రలోని జల్గావ్ జిల్లాలో జరిగింది గుర్తుందా? లక్నో నుంచి ముంబయి వెళ్తున్న పుష్పక్ ఎక్స్‌ప్రెస్‌లో మంటలు లేచాయని పుకారు పుట్టింది. చక్రాల దగ్గర నిప్పురవ్వలు కనిపించడంతో మొదలైందంటారు. ఇరుసు వేడెక్కడమో, బ్రేకు పట్టేయడమో అయ్యుంటుందని రైల్వే వర్గాలు అప్పట్లో చెప్పాయి. చైన్ లాగారు, రైలు ఆగింది. జనం పక్క పట్టాల మీదికి దూకారు. అటు నుంచి వస్తున్న కర్ణాటక ఎక్స్‌ప్రెస్ వాళ్ల మీంచి దూసుకుపోయింది. పన్నెండు మందికి పైగా చనిపోయారు. పుష్పక్‌లో ఒక్క సీటు కూడా కాలలేదు! బోగీ కింద పొగ కనిపిస్తే చైన్ లాగడం తప్పు కాదు. కానీ రైలు ఆగాక దిగాల్సి వస్తే రెండో లైను లేని వైపు దిగాలి. ఈ ఒక్క ముక్క పిల్లలకు చెప్పి ఉంచితే చాలు.

ఇల్లు ముందు... కారు వెనక

సెంటినరీ కాలనీ, గోదావరిఖనిలో పిల్లలు అమెరికాలో ఉన్న ఇళ్లు తక్కువేం కాదు. అక్కడి నుంచి ఫొటోలొస్తుంటాయి. బస్సంత మోటార్‌హోమ్... అందులోనే వంటిల్లు, పడక, బాత్‌రూమ్. సెలవులకు దాన్నేసుకుని పర్వతాలూ, పార్కులూ తిరుగుతారు. దాని వెనక ఇనుప బార్‌తో కట్టేసిన మామూలు కారు. ఇల్లు ఒకచోట నిలిపి, ఊళ్లోకి కూరగాయలకు పోవడానికి ఆ కారు! బొగ్గు టిప్పర్ వెనక టిప్పర్‌ను చూసిన కళ్లకు ఇదేం కొత్త కాదు. జాగ్రత్తలూ అవే.

వెనక కట్టే బండి బరువు ఒక హద్దు దాటితే దానికి దాని బ్రేకులుండాలని అక్కడి చాలా రాష్ట్రాల చట్టం. అందుకని కారు పెడల్‌ను నొక్కే చిన్న యంత్రమొకటి డ్రైవర్ సీటు ముందు పెడతారు. ముందున్న మోటార్‌హోమ్ బ్రేకు వేస్తే ఇది కారు బ్రేకు నొక్కుతుంది. బార్ తెగి కారు విడిపోతే తనంత తానే నొక్కి ఆపేస్తుంది. మళ్లీ అదే కథ... కాపాడే బ్రేకు. దాన్ని పెడల్‌కు మరీ దగ్గరగా బిగిస్తే, లేదా మోటార్‌హోమ్ కాస్త గతుకుల్లో ఊగినా నొక్కేంత సున్నితంగా పెడితే, కారు బ్రేకు రోజంతా సగం పట్టి ఉంటుంది. కారు హ్యాండ్ బ్రేకు తీయడం మర్చిపోయినా అంతే. అంత పెద్ద ఇంజిన్‌కు ఈ పట్టు తెలియదు. ముప్ఫై అడుగుల ఇంటి వెనక ఏం కాలుతోందో అద్దంలో కనిపించదు. పక్కనుంచి వెళ్లేవాడు హారన్ కొట్టేసరికి కారు టైరు మండుతూ ఉంటుంది.

అందుకే వెనక బ్రేకు పడినప్పుడల్లా ముందు డ్యాష్‌బోర్డు మీద వెలిగే దీపం ఒకటి పెట్టుకోవాలి. పెడల్ తొక్కకుండానే అది వెలిగిందంటే వెంటనే పక్కకు తీయాలి. టైరు గాలితో పాటు వేడినీ చెప్పే సెన్సర్లు ఇంకా మేలు. బయల్దేరే ముందు ఇంకొకరు కిందికి దిగి నిలబడి చూస్తుండగా పది అడుగులు ముందుకు పోనిస్తే నాలుగు చక్రాలూ తేలిగ్గా తిరుగుతున్నాయో లేదో తెలిసిపోతుంది. ఆ తర్వాత పది పదిహేను నిమిషాలకే ఒకసారి ఆగి చుట్టూ తిరగడం... బొగ్గు లారీవాళ్ల టీ లాంటిదే. డంపర్ నడిపి రిటైరైన తండ్రి ఉన్న ఇంట్లో ఆ మాట ఫోన్లో ఎప్పుడో ఒకసారి వచ్చే తీరుతుంది. ‘నాయనా, చక్రం చల్లగుందా చూసినవా?’ అని.

ఒకవేళ పొగ వచ్చేసిందనుకోండి. ఎక్కడైనా పద్ధతి ఒకటే. మెల్లగా పక్కకు తీసి, ఎండుగడ్డి లేని చోట ఆపాలి. ముందు మనుషుల్ని దింపాలి. వేడి డ్రమ్ము మీద హ్యాండ్ బ్రేకు వేయకుండా చక్రాలకు దిమ్మలు పెట్టాలి. ఒట్టి పొగే ఉంటే బకెట్ నీళ్లు గుమ్మరించొద్దు, ఎర్రగా కాలిన డ్రమ్ము పగిలిపోతుంది. చల్లారనివ్వాలి. మంట లేచి టైరు పట్టుకుందంటే లెక్క మారిపోతుంది. అప్పుడు దూరం నుంచి ధారగా నీళ్లు కావాలి. పొడి చల్లే ఆర్పే సిలిండర్ మంటను అణుస్తుంది గానీ వేడిని తీయదు. ఆరిందని వెనక్కి తిరిగేలోపు మళ్లీ లేస్తుంది. వీలైతే వెనక బండిని విడదీయాలి. చేతులు కాలే పరిస్థితి ఉంటే బండిని వదిలేసి 101కి ఫోన్ చేయాలి. బండికి ఇన్సూరెన్సు ఉంటుంది కదా.

ట్రాలీ సంగతి

ఇక రామగిరి మండలంలో ప్రతి ఊళ్లో ఉండే బండి ట్రాక్టర్. రెండేళ్లకోసారి మేడారం జాతరకు కుటుంబాలు ట్రాలీలో గడ్డి పరిచి, పైన టార్పాలిన్ కట్టి మంథని, కాటారం మీదుగా కదులుతాయి. అందులో ఉండే ఆనందం ఏ ఏసీ కారులో రాదు, నిజమే. కానీ మన ట్రాలీల్లో ఎక్కువ వాటికి బ్రేకులే ఉండవు. భారమంతా ట్రాక్టర్ బ్రేకు మీదే. వాలులో దిగేటప్పుడు వెనకున్న ట్రాలీ ముందుకు నెడుతుంటే డ్రైవర్ పెడల్ మీద కాలు తీయడు. వేడెక్కిన బ్రేకు పట్టు సడలుతుంది. ట్రాలీ పక్కకు మడతపడుతుంది. గేరులోనే దిగాలి, న్యూట్రల్‌లో డీజిల్ ఆదా చేయాలనుకోకూడదు. ఇంకోటి... ట్రాక్టర్‌కు కుడి, ఎడమ చక్రాలకు వేర్వేరు పెడళ్లుంటాయి. పొలంలో మలుపు కోసం అలా పెట్టారు. రోడ్డెక్కే ముందు రెంటినీ కలిపే కొక్కెం వేయకపోతే ఒకవైపు బ్రేకే పడుతుంది. ఆ కొక్కెం తుప్పు పట్టి ఉన్న ట్రాక్టర్‌ను ఏ సర్వీసింగ్ సెంటర్లో అడిగినా చూపిస్తారు.

కారున్నవాళ్లకు చిన్న మాట. వానాకాలంలో హ్యాండ్ బ్రేకు వేసి రెండు మూడు రోజులు వదిలేస్తే లైనర్ డ్రమ్ముకు అతుక్కుపోవడం మామూలే. మొదట కదిలించినప్పుడు ‘టక్’మని ఊడితే సరే, ఊడకపోతే బలవంతం చేయొద్దు. ఆటోమేటిక్ కారు చెడిపోతే తాడు కట్టి లాగడం కంటే ప్లాట్‌ఫాం ఉన్న బండి మీదికెక్కించడమే మంచిది. గేరుబాక్సుకూ మంచిది, బ్రేకుకూ మంచిది.

ఖిల్లాకు వెళ్లాలనుకుంటే... పెద్దపల్లి నుంచి కమాన్‌పూర్ మీదుగా రావచ్చు. కమాన్‌పూర్‌లో ఆదివరాహస్వామి గుడి చూసుకుని బేగంపేట చేరితే గుట్ట పాదం వచ్చేసినట్టే. గోదావరిఖని వైపు నుంచైతే 8 ఇంక్లైన్ కాలనీ మీదుగా సెంటినరీ కాలనీ దారి. పొద్దున్నే ఎక్కడం మొదలుపెడితే ఎండ ముదిరేలోపు దిగొచ్చు. నీళ్లు, తిండి కింది నుంచే పట్టుకెళ్లాలి. వానాకాలం బండలు జారతాయి, చెప్పులు కాకుండా బూట్లు వేసుకోండి. కింద బండి వాలులో నిలపాల్సి వస్తే గేరులో పెట్టి, చక్రం కింద ఒక రాయి ఉంచండి. తిరిగి బయల్దేరేటప్పుడు ఆ రాయిని తీసి పక్కన పడేయండి. చీకటి పడ్డాక షిఫ్టు దిగి బైకుల మీద వచ్చేవాళ్లు ఆ దారిలో చాలామంది ఉంటారు.